తిట్టు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాయండి

బళ్లారి తెలుగువాడికి రెండు వైపులా ఎగతాళే. "మీది తెలుగేనా?" అని హైదరాబాద్ చుట్టాలు, "ఇదేం కన్నడ?" అని ఇక్కడివాళ్లు. కొన్నాళ్లకు వాళ్లతో పనిలేదు, మనల్ని మనమే తిట్టుకుంటాం. వార్త పంపిన ప్రతిసారీ "నీకు రాయడం రాదు" అని నాకు లోపల ఒకటే సొద.

ధ్యానం చెయ్యమన్నారు. కళ్లు మూసుకుని శ్వాసను గమనిస్తుంటే ఆ సొద ఇంకా గట్టిగా వినపడింది. వారానికే మానేద్దామనుకున్నా. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, వచ్చిన తిట్టు వచ్చినట్టు రాయడం మొదలుపెట్టాక గానీ దారి దొరకలేదు. సగం తిట్లు కన్నడంలోనే వచ్చాయి. చదివి చూస్తే అవి నా మాటలు కావు, ఎనిమిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన మాస్టారివి!

రాయగానే మనసు తేలికైపోతుందని మాత్రం అనుకోకండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజూ పావుగంట మనసులోని బాధ రాయించారు. 1986లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం రాసిన వెంటనే దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అందుకే మొదటిరోజే పుస్తకం మూసేయొద్దు. నిద్ర, తిండి కూడా దెబ్బతింటుంటే నోటుబుక్కు చాలదు, 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి.