గోరు తీసేస్తే జబ్బు పోతుందా?

స్త్రీల ఆరోగ్యం అనగానే మనం కాన్పులు, గర్భసంచి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దగ్గరే ఆగిపోతున్నాం. పనిచేసే చేతుల్ని మరిచిపోతున్నాం. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్న రఘునాథపల్లి ప్రాంతంలో నాట్లు వేసేది ప్రధానంగా స్త్రీలే. రోజంతా బురదనీళ్ళలో నానిన వేళ్ళలో ఫంగస్ చేరుతుంది. గోరు మందమై, రంగు మారి, పొడిగా రాలుతుంది.

బాగా మందమైన గోటిని తీయడం ఒక్కోసారి అవసరమే. కానీ శస్త్రచికిత్స ఒక్కటే చాలదు. మందు వాడకపోతే కొత్త గోటికీ జబ్బు తిరిగి రావచ్చు. పైగా చెడిన గోళ్ళలో దాదాపు సగం ఫంగస్ వల్ల చెడినవి కావు. అందుకే ముందు గోరు గీకిన పొడిని మైక్రోస్కోపు కింద చూడాలి. ఫంగస్ రకాన్ని బట్టి మందు మారుతుంది. ఎక్కువగా రాసే టెర్బినాఫిన్ మాత్రలు చేతిగోళ్ళకు 6 వారాలు, కాలిగోళ్ళకు 12 వారాలు వాడాలి. చేతిగోరు పూర్తిగా పెరగడానికి 6 నెలలు పడుతుంది.

గోరు తీశాక వేలు తడవకూడదంటారు. నాట్లకు పోయి, ఇంటికొచ్చి అంట్లు తోమే మనిషికి అదెలా సాధ్యం? పని మానితే కూలి ఎవరిస్తారు? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

నా దృష్టిలో ఇది శుభ్రత తెలియక వచ్చిన జబ్బు కాదు, పని తెచ్చిపెట్టిన జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, పూర్తికాలం మందులు, కోలుకునే రోజులకు కూలి మన హక్కులుగా అడగాలి. సంఘాల సమావేశాల్లో ఈ ప్రశ్న కూడా చర్చకు రావాలి.