రోగం దాచేదెవరు, దాచేలా చేసేదెవరు?

గాలికుంటు వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట ఒకటే మాట: ‘రైతులకు అవగాహన లేదు.’ ముప్పై ఏళ్లుగా వింటున్నాను. నోరు పుండై గడ్డి ముట్టని గేదె ముందు రాత్రంతా మేలుకుని కూర్చున్నవాడికి అవగాహన లేదట!

సరే, అవగాహన సంగతే మాట్లాడుకుందాం.

పేరులో గాలి ఉన్నా, ఈ రోగం మన ఊళ్లలోకి ఎక్కువగా కాళ్ల మీదే వస్తుంది. సంతలో కొన్న పశువు, దాన్ని తెచ్చిన ఆటో, పాలు పితికే చేతులు, బేరగాడి చెప్పులు, ఊరి పశువులన్నీ మూతిపెట్టే నీళ్ల తొట్టి. చొంగలో, పాలలో, పేడలో, పగిలిన బొబ్బల రసిలో వైరస్ ఉంటుంది. అంటుకున్నాక బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు పట్టవచ్చు. మోసమంతా ఇక్కడే ఉంది. బొబ్బలు కనబడకముందే ఆ పశువు పాలలో వైరస్ మొదలవుతుంది. ‘శుభ్రంగా మేస్తోంది కదా’ అని తోలుకొచ్చి మన పశువుల పక్కనే కట్టేస్తాం. కొత్తగా కొన్నదాన్ని మూడు వారాలు విడిగా కట్టెయ్యమనేది అందుకే. ‘నిరుడు వచ్చిపోయింది, ఇక రాదు’ అనుకోవడమూ తప్పే. మన దేశంలో ఈ వైరస్ ఓ, ఏ, ఆసియా-1 అని మూడు రకాలు. ఒకటి వచ్చిపోయినంత మాత్రాన ఇంకోటి ఆగదు.

ఇక టీకా. గడ్డివాములు పక్కపక్కనే ఉంటే నిప్పు ఒకదాని మీంచి ఒకదానికి దూకుతుంది. మధ్యలో ఎడం ఉంటే ఆ వాముతోనే ఆగుతుంది. టీకా పడ్డ పశువు ఆ ఎడం లాంటిది. ఊళ్లో నూటికి కనీసం 80 పశువులకైనా రక్షణ ఉండాలని లెక్క. సగం వీధికి వేసి వెళ్లిపోతే ఎడం సగమే, మిగతా సగం వాములే. ‘రెండు రోజులు పాలు తగ్గుతాయి’ అని టీకా మనిషిని చూడగానే గేదెను చేలోకి తోలేసే మనవాళ్లూ వాములు పేర్చేవాళ్లే. వాళ్లను మొహమాటం లేకుండా అడగాలి.

2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రుసెల్లోసిస్‌ల మీద పథకం మొదలుపెట్టింది. 2025 నాటికి టీకాలతో అదుపులోకి తెస్తామని, 2030 నాటికి నిర్మూలిస్తామని చెప్పింది. ఆరునెలలకోసారి ఉచితంగా టీకా. మంచిదే. కానీ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐసు కరిగిన పెట్టెలో మధ్యాహ్నం దాకా తిప్పిన మందు మీద ఏం నమ్మకం? మా ఊళ్లో ఒక విడత ఒకే సూదితో వీధంతా పొడిచారు. ఒక పశువు రక్తం ఇంకోదానికి ఎక్కించడానికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలా?

ఇప్పుడు అసలు మాట. ఇరవై ఏళ్ల కిందట నాకు రెండు గేదెలుండేవి. ఒకదానికి చొంగ పట్టింది. రెండోదాన్ని తెల్లవారకముందే సంతకు తోలాను. కొన్నది పక్క మండలం రైతు. అతని కొట్టంలో తర్వాత ఏం జరిగిందో అడగడానికి ఇన్నేళ్లుగా నాకు మొహం చెల్లలేదు. తెలియక చేశానా? బాగా తెలిసే చేశాను. రోగం ఉందని చెబితే పాలు వద్దంటారు, గేదెను అడిగేవాడుండడు, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

రోగం అనుమానం ఉంటే యజమాని కబురు చెప్పి తీరాలని 2009 చట్టం అంటోంది. చెప్పినవాడు నష్టపోతే? బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ప్రభుత్వం చంపించిన కోళ్లకు పరిహారం ఉంది. గాలికుంటుతో పాలు ఎండిపోయి, దూడలు గుండె ఆగి చచ్చిన మా ఊరివాళ్లలో ఒక్కరికీ పైసా రాలేదు. ఇంగ్లండులో 2001లో రోగం కనిపెట్టేసరికే అది సంతల గుండా దూరదూరాలకు పాకిపోయింది. 60 లక్షలకు పైగా గొర్రెలను, పశువులను చంపేశారు. కానీ వాటి యజమానులకు ప్రభుత్వం డబ్బు కట్టింది. పరిహారం దయ కాదు, టీకా లాంటిదే. అది లేనంతకాలం రోగం రాత్రిపూట సంతకు నడుస్తూనే ఉంటుంది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మన తాతల కొట్టాలు ఖాళీ చేసిన ముసర వ్యాధి ప్రపంచంలోనే లేదని 2011లో ప్రకటించారు. అప్పుడు ఊరూరా తిరిగి రోగాన్ని వెతికారు. ఇప్పుడు రైతు వచ్చి చెబితే రాసుకోవడానికి పశువైద్యశాలలో మనిషి ఉంటే అదే గొప్ప.

ఖాళీ పోస్టులు నింపాలి, పాలు ఆగిన రోజులకు పరిహారం కట్టాలి, సంత మూస్తే ఆ నెల వాయిదా ఆపాలి. ఇవి అడుగుతూనే మన పని మనం చేద్దాం. రోగం కనబడితే పశువును విడిగా కట్టండి, దాని దగ్గరికి చివర్న వెళ్లండి, లీటరు నీటికి 40 గ్రాముల బట్టల సోడా (వంటసోడా కాదు) కలిపి కొట్టం కడగండి. వచ్చే టీకా విడతకు ప్రతి గ్రామశాఖ ఒక నోటుపుస్తకం పెట్టాలి: ఊళ్లో పశువులెన్ని, ఎన్నింటికి టీకా పడింది, ఎవరి ఇల్లు వదిలేశారు, పెట్టెలో ఐసు ఉందా, సూదులు మార్చారా. ఆ పుస్తకాలతో మండల సమావేశానికి రండి. శాఖవారి లెక్క పక్కన మన లెక్క పెట్టి చూద్దాం.