హంపీలో నీళ్ళు పారిన దారి

ఈ నెల మిమ్మల్ని మాతో పాటు ఒక ప్రయాణానికి తీసుకుపోదలిచాం. కొనకనమిట్ల నుండి, చుట్టుపక్కల ఊళ్ళ నుండి 22 మందిమి, పిల్లాజెల్లాతో కలిసి హంపీ చూసి వచ్చాం. మన వైపు వారికి ఇదేమంత కష్టమైన ప్రయాణం కాదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రాత్రిపూట అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కంభం, గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా పోయి హొసపేటలో దించుతుంది. అక్కడి నుండి హంపీ బస్సు దూరమే.

బయలుదేరక ముందే మాలో ఒక చిన్న తగవు వచ్చింది. మా బృందంలోని ఒక కుటుంబం వారు తమ ఇంటి పెద్దాయనను కూడా తీసుకువస్తామన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు పలకల గనుల్లో పని చేసిన మనిషి. ఆ దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పది అడుగులు వేస్తే ఆగాలి. "ఎండలో, రాళ్ళలో ఆయన ఏం తిరుగుతాడు? ఆయన కోసం అందరం ఆగుతూ పోవాలా?" అని గొణిగిన వారిలో మేమూ ఉన్నాం. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గుగా ఉంది.

హంపీ 1336లో మొదలైన విజయనగర సామ్రాజ్యానికి రాజధాని. శ్రీకృష్ణదేవరాయలు ఏలిన 1509–1529 మధ్య కాలంలో అది మహావైభవంగా ఉండేది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దాన్ని రోము నగరంతో పోల్చి రాశాడు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు మరణించాడు. రాజకుటుంబం ధనరాశులతో పెనుగొండకు తరలిపోయింది. నగరాన్ని కొన్ని నెలల పాటు దోచారు, తగలబెట్టారు. రాజమందిరాల పైభాగం కొయ్యతో కట్టింది గనుక బూడిదైపోయింది. ఇప్పుడు మనకు కనబడేది చాలావరకు రాతి అరుగులూ, మెట్లూ మాత్రమే.

ఉదయమంతా మా పిల్లలు పరుగులే పరుగులు. కమల మహల్, ఏనుగుల శాల చూశారు. విఠలాలయం దగ్గర ఒక కుర్రవాడు యాభై రూపాయల నోటు తీసి, దాని వెనుక ఉన్న రాతిరథం ఇదేనని పోల్చుకొని సంబరపడ్డాడు. పెద్దాయన మాత్రం ఎక్కడికక్కడ నీడ చూసుకొని కూర్చున్నాడు. మాలో కొందరం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం.

మధ్యాహ్నం మహానవమి దిబ్బ దగ్గరకు వచ్చాం. పిల్లలు దిబ్బ ఎక్కారు. ఆయన ఎక్కలేక పక్కనున్న బండ దగ్గర ఆగిపోయి, కాసేపటికి మమ్మల్ని చేయి ఊపి పిలిచాడు. "ఏందబ్బయా, మీరంతా పైకే చూస్తా పోతన్నారు. ఇది చూడండి" అన్నాడు. ఆ బండ అంచున వరసగా, బెత్తెడు బెత్తెడు ఎడంతో గుంటలున్నాయి. మేము వాటిని ఏదో అలంకారం అనుకున్నాం. ఆయన వాటిలో వేలు పెట్టి చూపించాడు. రాతిని చీల్చడానికి ముందుగా ఉలితో కొట్టిన గుంటలట అవి. "గుంటలు కొట్టినారు గానీ రాయి చీల్చలేదు. పని ఆగిపోయినట్టుంది. ఎవురో కూలాయన, నాలాంటోడు" అన్నాడు.

అక్కడి నుండి ఆయన ముందు నడిచాడు, మేము వెనుక నడిచాం. ఆయన ఆగినప్పుడల్లా మేమూ ఆగాం. మెట్ల కోనేరు దగ్గర నల్లరాతి మీద చెక్కిన చిన్న గుర్తులు చూపించాడు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఆనాటి పనివారు వేసుకున్న గుర్తులవి. ఈ కోనేరు శతాబ్దాల పాటు మట్టిలో పూడిపోయి ఉండి, 1980లలో తవ్వకాల్లో బయటపడింది. దాని పక్కన రాతి స్తంభాల మీద, రాతినే తొలిచి చేసిన నీటికాలువ సాగిపోతుంది. కమలాపురం చెరువు నీళ్ళు అలా రాజనివాసం దాకా వచ్చేవి. మా బృందంలో బిందె పట్టుకొని ట్యాంకరు కోసం నిలబడని ఆడమనిషి లేదు. వాళ్ళందరూ ఆ కాలువ దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. "ఇంత రాళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నారే!" అన్నది ఒక అక్క.

ఆలోచిస్తే ఆశ్చర్యమే. సింహాసనం పోయింది, అంతఃపురం పోయింది. కమలాపురం చెరువు మాత్రం ఉంది. ఆనాడు తుంగభద్ర నుండి తీసిన కాలువల కింద ఈనాడూ అరటి, వరి పండుతున్నాయి. కృష్ణదేవరాయలు చెరువు తవ్విస్తుండగా చూసిన పేస్, పదిహేను, ఇరవై వేల మంది చీమల్లా పని చేస్తున్నారని రాశాడు. మన గిద్దలూరుకు దిగువన, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పని చేస్తే ఆ చెరువు పూర్తయిందని దానిలో ఉంది. ఆ వెయ్యి మందిలో ఎవరి పేరూ మనకు దక్కలేదు. వారి చెరువు దక్కింది.

తిరుగు ప్రయాణంలో కంభం స్టేషన్లో రైలు ఆగినప్పుడు పెద్దాయన లేచి కిటికీ దగ్గర కూర్చున్నాడు. గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి చేసిన కంభం చెరువు కూడా విజయనగర కాలానిదే. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. "దీనికోసం అంత దూరం పోయొచ్చినామా?" అని ఆయన నవ్వి, మళ్ళీ అడిగాడు. "అబ్బయా, మన ఊరి చెరువు కట్ట మీద కంప కొట్టి ఎన్నేళ్ళయింది?"

ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. వెలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయని ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం గానీ, కళ్ళ ముందున్న కట్ట సంగతి మాట్లాడుకోలేదు.

తరువాతి వారం గొడ్డళ్ళు, కొడవళ్ళు పట్టుకొని కట్ట మీదికి పోయాం. హంపీకి 22 మందిమి పోతే, కట్ట మీదికి వచ్చింది ఏడుగురే. పెద్దాయన ఒక రాయి మీద కూర్చొని, ఏ చెట్టు వేరు కట్టను చీలుస్తుందో చెబుతుంటే మేము కొట్టాం. ఆ పైవారం పదకొండు మంది అయ్యారు. ఇంకా సగం కట్ట మిగిలే ఉంది.

మీరు కూడా పిల్లలతో పాత కట్టడాలు చూడబోతే, నడవలేని పెద్దవారిని ఇంటి దగ్గర వదిలిపెట్టకండి. వారు ఆగిన చోట మీరూ కాసేపు ఆగండి.