కట్టెల పొయ్యి మీద కోపమా?

మా కాలనీ ఆదోని శివార్లలో ఉంది. నిన్న సాయంత్రం నలుగురం కూర్చుంటే ఒకావిడ అంది: "ఆ మూలింటి పెద్దమ్మ బయట కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తోంది, ఒకటే పొగ. ఇదేమన్నా పల్లెటూరా? మాన్పించాలి." అందరూ తలలూపారు.

నాకు ఒళ్ళు మండింది. మనమంతా ఎక్కడినుంచి ఊడిపడ్డాం తల్లీ? కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు. ఇప్పటికీ మార్కెట్ యార్డులో పత్తికి మంచి ధర పలికిన ఏడే కదా మన గేట్లకు కొత్త రంగు!

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా వీధిలో పొద్దస్తమానం మగ్గాల చప్పుడే. చప్పుడని ఎవరూ విసుక్కోలేదు. ఆగితేనే "ఏమ్మా, నూలు రాలేదా?" అని అడిగేవాళ్ళు.

పెద్దమ్మ కొడుకూ కోడలూ సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. ఇద్దరు మనవళ్ళు ఆమె దగ్గరే. వాళ్ళ తిండీ, నోటు పుస్తకాలూ ఆ పొయ్యి మీదే. పొగకు కళ్ళు మండుతాయి, కాదనను. ముందు మండేది ఆమెవే.

"తలా ఇంత వేసుకుని గ్యాస్ పొయ్యి కొనిద్దాం" అన్నాను. ఒక్కరూ పలకలేదు.

రాత్రి ఏడింటికి మాత్రం రొట్టెల కోసం డబ్బాలు పట్టుకుని అందరూ ఆమె ముందే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.