ఎవరి అప్‌డేట్? ఎవరి చాకిరి?

ఆ మధ్య ఒక వూళ్లో అంగన్‌వాడీ సెంటరుకి వెళ్లాను. పిల్లలు అన్నాలు తిని పడుకున్నారు. ఆయా గిన్నెలు కడుగుతోంది. టీచరు మాత్రం గుమ్మం బయట, సిగ్నలు దొరికే చోట సెల్లు పట్టుకుని నిలబడి వుంది. సెంటరు పనులకి వాడే నాలుగైదు యాప్‌లలో ఒకటి పొద్దుటినుంచీ అప్‌డేట్ అడుగుతోందట. ఫోన్లో జాగా లేదు. ఏది తీసెయ్యాలో తోచక చివరికి మనవరాలి ఫొటోలు తీసేసింది. తీరా అప్‌డేట్ అయ్యాక చూస్తే నిన్నటిదాకా వున్నచోట ఏదీ లేదు. "నేర్చుకున్నా అనుకునేసరికి మళ్లా మారుస్తారు మేడమ్. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పరు. ఇంటికెళ్లి మా కోడల్నడిగి నేర్చుకోవాలి" అంది.

ఆ సాయంత్రం ఆమె, ఆమె కోడలు కలిసి చేసే గంట పని ఏ రిజిస్టరులోనూ వుండదు. దానికి జీతం లేదు. అసలు అది పని అని కూడా ఎవరూ అనుకోరు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ గంట గురించే.

కంప్యూటర్లు వస్తే వుద్యోగాలు పోతాయా, ఆడపిల్లలకి ఆ చదువులు అందుతాయా అని మనం చాలా చర్చించుకున్నాం. కానీ ఒకసారి వచ్చిన సాఫ్ట్‌వేర్ తర్వాత ఏమవుతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు, ఎవరు మారుస్తారు, ఆ మార్పుల బరువు ఎవరు మోస్తారు అన్న ప్రశ్నలు ఇంజనీర్లవి అనుకుని వదిలేశాం. అవి మన ప్రశ్నలే అని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ చీపురు అరిగినట్టు అరగదు. గిన్నె సొట్టపడినట్టు పడదు. రాసింది రాసినట్టే వుంటుంది. మారేది దాని చుట్టూ వున్న లోకం. చట్టం మారుతుంది, పథకం పేరు మారుతుంది, ఫోను మోడలు మారుతుంది. దాంతో నిన్న సరిపోయింది ఇవాళ సరిపోదు. మేయర్ లేమన్ అనే శాస్త్రవేత్త ఐబిఎమ్ కంపెనీలో పనిచేస్తున్న రోజుల్లో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ ఒక్కో విడుదలకి ఎలా పెరుగుతూ వచ్చిందో గమనించాడు. లాజ్లో బెలాడీతో కలిసి చేసిన ఆ పరిశీలన నుంచి 1974 మొదలుకుని కొన్ని సూత్రాలు చెప్పాడు. మొదటిది: వాడుకలో వున్న ప్రోగ్రామ్‌ని ఎప్పటికప్పుడు మారుస్తూ వుండకపోతే అది రానురాను వాడేవాళ్లకి పనికిరాకుండా పోతుంది. రెండోది: మార్చినకొద్దీ అందులో చిక్కు పెరుగుతుంది, ఆ చిక్కు తియ్యడానికి ప్రత్యేకంగా ఎవరో పూనుకుంటే తప్ప తగ్గదు.

ఈ రెండు సూత్రాలూ చదివినప్పుడు నాకు వంటిల్లు గుర్తొచ్చింది. ఇంటిపని పూర్తయిపోయింది అనే రోజంటూ వుండదు. చేసినన్నాళ్లూ ఎవరికీ కనపడదు, మానేసిన రోజు అందరికీ కనపడుతుంది. సాఫ్ట్‌వేర్ నిర్వహణ కూడా సరిగ్గా అలాంటిదే. 1980లో లీంట్జ్, స్వాన్సన్ అనే పరిశోధకులు 487 సంస్థల కంప్యూటర్ విభాగాలను సర్వే చేస్తే, సిబ్బంది సమయంలో సుమారు సగం పాత ప్రోగ్రామ్‌లను చూసుకోవడానికే పోతోందని తేలింది. ఆ సగంలోనూ తప్పులు దిద్దడం కొద్ది భాగమే. ఎక్కువ భాగం వాడేవాళ్ల కొత్త అవసరాలకి తగ్గట్టు మార్చడం. అంటే నిర్వహణ అనేది రిపేరు కాదు, సంరక్షణ.

సంరక్షణకి మన సమాజం ఇచ్చే విలువ ఏపాటిదో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు దానికి ప్రోగ్రామ్‌లు తయారుచేసింది ఆరుగురు స్త్రీలు. యంత్రం తయారుచెయ్యడం గొప్ప పని, దానికి పని చెప్పడం గుమాస్తా పని అనుకున్నారు కాబట్టే అది ఆడవాళ్లకి దక్కింది. ప్రోగ్రామింగ్‌కి గౌరవమూ జీతమూ పెరిగాక అది మగవాళ్ల వృత్తి అయింది. ఆ తర్వాత దాని లోపల మరో గీత గీశారు. కొత్తది రాయడం ప్రతిభ, పాతది చూసుకోవడం చాకిరి. 1990ల చివర మన తెలుగు పిల్లలు అమెరికాకి వెళ్లింది ఎక్కువగా ఆ చాకిరికే. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రామ్‌లు 2000 రాగానే తప్పుతాయన్న భయంతో లక్షల కొద్దీ వరసలు వెతికి దిద్దారు. జనవరి 1 తెల్లవారాక పెద్ద ప్రమాదమేమీ జరగకపోయేసరికి, ఇదంతా వుత్త హడావుడి అని నవ్విన వాళ్లున్నారు. పని బాగా చేస్తే అది పనే కాదన్నట్టు చూడటం గృహిణులందరికీ అనుభవమే.

ఇంతవరకూ చెప్పింది జీతం తీసుకుని సాఫ్ట్‌వేర్‌ని చూసుకునేవాళ్ల సంగతి. జీతం లేకుండా దాన్ని నడిపించే వాళ్లు ఇంకా చాలామంది వున్నారు. వాళ్లలో అత్యధికులు స్త్రీలు.

అంగన్‌వాడీలనే తీసుకుందాం. 1975లో ఐసిడిఎస్ మొదలైనప్పటినుంచీ వాళ్లు కేంద్రం దృష్టిలో గౌరవ కార్యకర్తలే. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక ఐసిడిఎస్-క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. దాన్ని పక్కనబెట్టి 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ తెచ్చారు. మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవడం, మళ్లీ వివరాలు ఎక్కించడం. ఆ సంవత్సరం మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకం ఫోన్లతో, అర్థంకాని ఇంగ్లీషుతో వేగలేమని ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చేసి నిరసన తెలిపారు. 2025 జూలై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే పోషకాహారం ఇవ్వాలంటే లబ్ధిదారు ముఖాన్ని యాప్ గుర్తుపట్టడం తప్పనిసరి చేశారు. ఇంజనీరు దృష్టిలో ఇది యాప్‌కి చేర్చిన ఒక కొత్త సదుపాయం. నెలలు నిండిన గర్భిణికి అది కొత్త షరతు. తిండికి ఆమె అర్హత నిన్న ఎలా వుందో ఇవాళా అలాగే వుంది. కానీ ఆ తిండి చేతికందే దారి మారిపోయింది.

వుపాధి హామీలో జరిగింది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలయ్యాక ఆంధ్రప్రదేశ్ సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేయించుకుంది. ఎండాకాలం నేల గట్టిపడి పని సాగదు గనక, చేసిన పని కొలతకి 20 నుంచి 30 శాతం దాకా కలిపి కూలి లెక్కగట్టే పద్ధతి అందులో వుండేది. 2022లో తెలుగు రాష్ట్రాలు కేంద్రం సాఫ్ట్‌వేర్‌కి మారాయి. అందులో ఆ లెక్కకి చోటు లేకపోయింది. ఎండ తగ్గలేదు, నేల మెత్తబడలేదు, కానీ వేసవి భత్యం పోయింది. సగానికి పైగా ఆడవాళ్లే వున్న కూలీల నుంచి ఒక హక్కు ఇలా జారిపోయింది. దానికోసం శాసనసభలో చర్చ జరగాల్సిన పని కూడా లేకపోయింది. ఆ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి హాజరు కూడా యాప్‌లోనే, రోజుకి రెండు ఫొటోలతో వెయ్యాలన్నారు. 2025 డిసెంబరులో వుపాధి హామీ చట్టం స్థానంలోనే మరో చట్టం తెచ్చారు. చట్టం మారితే సాఫ్ట్‌వేర్ మారక తప్పదు. ఈసారి అందులోంచి ఏది జారిపోతుందో చూస్తూ వుండాల్సింది మనమే.

అయితే కాగితమే మేలంటారా అని మిత్రులు అడుగుతారు. నేను అలా అనడం లేదు. రిజిస్టర్ల చాకిరి ఎంతటిదో, మస్టర్లలో దొంగ పేర్లు ఎలా ఎక్కేవో మనకి తెలుసు. మస్టర్లూ చెల్లింపులూ కంప్యూటర్లో అందరికీ కనపడేలా వుండబట్టే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ అంత బలంగా నిలబడింది. మార్పే వద్దనడం కూడా కుదరదు. మార్చకుండా వదిలేసిన సాఫ్ట్‌వేర్ కూడా జనాన్ని ఏడిపిస్తుంది. మన అభ్యంతరం మార్పు మీద కాదు. మార్పుని నిర్ణయించేవాళ్లు ఒకచోట, దాని ఖర్చు భరించేవాళ్లు మరోచోట వుండటం మీద. ఈ శ్రమ విభజన మనం ఎరిగినదే. ఇంట్లో ఎవరెప్పుడు ఏం తినాలో ఒకరు నిర్ణయిస్తారు, పొయ్యి దగ్గర నిలబడేది మరొకరు.

ఈ మాట ప్రభుత్వాన్ని అడిగేముందు మనల్ని మనం కూడా అడగాలి. నేను సభ్యురాలిగా వున్న ఒక బృందంలో హింసకి గురై వచ్చిన స్త్రీల కేసుల వివరాలు దాచడానికి మూడేళ్ల ప్రాజెక్టు డబ్బుతో సాఫ్ట్‌వేర్ రాయించాం. ప్రాజెక్టు అయిపోయింది. రాసిన అబ్బాయి వేరే వుద్యోగానికి వెళ్లిపోయాడు. కంప్యూటర్ మారాక అది తెరుచుకోలేదు. పాత రిజిస్టర్లు ముందేసుకుని రాత్రిళ్లు కూర్చుని మళ్లీ ఎక్కించింది మా ఆఫీసులో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే ఇద్దరమ్మాయిలు. ఆనాటి ప్రతిపాదన తీసి చూశాను. తయారీకి డబ్బు అడిగాం, ప్రారంభ సభకి అడిగాం. నిర్వహణ అన్న మాటే లేదు. రాసినవాళ్లలో నేనూ వున్నాను. ఇంటిచాకిరికి విలువ కట్టాలని పాతికేళ్లుగా వుపన్యాసాలిస్తున్న మనిషిని.

అందుకని కొన్ని విషయాలు మనం గట్టిగా పట్టుకోవాలనుకుంటున్నాను. మొదటిది, పథకాల సాఫ్ట్‌వేర్‌లో చేసే మార్పుని జీవోతో సమానంగా చూడాలి. ఏం మారింది, ఎందుకు మారింది, ఎప్పటినుంచి అన్నది తెలుగులో ముందుగా ప్రకటించాలి. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాల వివరాలనూ కారణాలనూ ఎవరూ అడక్కుండానే చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అంటోంది. దాని కింద మనం ఇప్పటికిప్పుడే దరఖాస్తులు పెట్టవచ్చు. రెండోది, కొత్త పద్ధతి నిలదొక్కుకునే దాకా పాత దారి మూసెయ్యకూడదు. యాప్ గుర్తుపట్టలేదన్న కారణంతో ఏ తల్లీ వుత్త చేతులతో వెనక్కి వెళ్లకూడదు. మూడోది, అప్‌డేట్‌కి పట్టే సమయం, డేటా ఖర్చు, శిక్షణ అన్నీ పని కిందే లెక్కగట్టాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లది సేవ కాదు, వుద్యోగమే అని వాదించడానికి యూనియన్లకి అది ఒక ఆధారం. నాలుగోది, సామాజిక తనిఖీలో సాఫ్ట్‌వేర్‌ని కూడా చేర్చాలి. ఈ మార్పు తర్వాత ఎవరి పేరు పోయింది, ఎవరి కూలి తగ్గింది అని గ్రామసభలో అడగాలి.

ఇక మన సంస్థల విషయానికొస్తే, వచ్చే ప్రతిపాదనలోనైనా నిర్వహణ అని ఒక పద్దు రాద్దాం. ఆ పని చేసే అమ్మాయిలను నిర్ణయాలు జరిగే గదిలో కూర్చోబెడదాం.

ఆ టీచరు సెంటరు నుంచి వచ్చేస్తుంటే ఒకటడిగింది. "మార్చే ముందు మమ్మల్ని ఒక్కమాట అడిగితే ఏం పోతుంది మేడమ్? రోజూ దాంతో తిప్పలు పడేది మేమే గదా!" నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో మాత్రం మనం కలిసి ఆలోచించుకోవచ్చు.