పిల్లల వేళ్లు కాల్చకండి

పులిపిరి మనిషిని చంపదు. వేళ్ల మీద, మోకాళ్ల మీద, గోళ్ల చుట్టూ గరుకుగా లేచే ఆ బుడిపెలు చాలామందికి నొప్పి కూడా పెట్టవు. అయినా వాటి పేరు చెప్పి మన ఇళ్లలో పిల్లల్ని కాలుస్తున్నాం. అవును, కాలుస్తున్నాం. వెలిగించిన అగరబత్తితో, నల్లజీడి రసంతో, జిల్లేడు పాలతో, ఇంకా ఘోరంగా సున్నం, బట్టల సోడా కలిపిన ముద్దతో. ‘చుక్క పెట్టు, రాలిపోతుంది’ అని పక్కింటావిడ చెబుతుంది, ఫోన్‌లో వీడియో చెబుతుంది, పెళ్లిచూపుల ముందు పెద్దమ్మ చెబుతుంది.

ఆ చుక్కలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. తడి సున్నం, సోడా కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడా. జిడ్డు పట్టి మూసుకుపోయిన మురుగు గొట్టాల్లో పోసే క్షారం అదే. చర్మం మీద పడితే కొవ్వును సబ్బు చేస్తుంది, మాంసకృత్తులను కరిగిస్తుంది, కడిగేదాకా లోపలికి దిగుతూనే ఉంటుంది. ఏడేళ్ల పిల్ల వేలి మీద చర్మం ఎంత మందం ఉంటుంది? దాని కిందే నరాలు, కీలు, గోరు పుట్టే చోటు. అక్కడ ఆ ముద్ద అద్ది ‘కాసేపు మండుతుంది, ఓర్చుకో’ అంటున్నాం. ఇది హింస. వైద్యం అనే పేరు దీనికి తగదు.

పులిపిరి వైరస్ వల్ల వస్తుందని 1907లోనే తేలింది. ఇటలీ వైద్యుడు జుసెప్పె చుఫో పులిపిరిని నూరి, బ్యాక్టీరియా దూరలేనంత సన్నగా వడగట్టి, ఆ ద్రవాన్ని చర్మంలోకి ఎక్కించి మళ్లీ పులిపిరి మొలిపించి చూపాడు. అదే హ్యూమన్ పాపిలోమా వైరస్. రెండు వందలకు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు, పిల్లల చేతుల మీద వచ్చేవి వేరు. కాబట్టి ఆ భయం వద్దు. చర్మం గీరుకుపోయిన చోట, నాని మెత్తబడ్డ చోట దూరి, పై పొరలోనే ఉండిపోతుంది. కంటికి కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

‘వేరుతో సహా పీకాలి’ అంటూ బ్లేడు తీసేవాళ్లు వినండి. పులిపిరికి వేరు లేదు. లోపల కనిపించే నల్లచుక్కలు రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. తవ్వితే దొరికేది బిడ్డ మాంసమే. పైగా చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలోనూ అప్పటికే వైరస్ ఉంటుంది. అందుకే కాల్చిన మచ్చ అంచున ఉంగరంలా మళ్లీ లేస్తుంది. గోకిన గీత వెంట, గడ్డం గీసిన బ్లేడు వెంట వరుసగా పాకుతుంది.

‘మాకు తగ్గిందండీ’ అనే సాక్షులు ప్రతి ఊళ్లో ఉన్నారు. తగ్గే ఉంటుంది. పిల్లల్లో దాదాపు సగం మందికి ఏడాదిలోపు, మూడింట రెండు వంతుల మందికి రెండేళ్లలోపు ఏ మందూ లేకుండానే పులిపిర్లు పోతాయి. ఒంట్లోని రోగనిరోధక శక్తి ఆలస్యంగానైనా వైరస్‌ను గుర్తుపట్టి తరిమేస్తుంది. ఆ రోజుల్లో గుర్రపు వెంట్రుక కట్టినా, గుళ్లో ఉప్పు మొక్కు తీర్చుకున్నా, పేరు దానికే వస్తుంది. మొక్కుకున్నవాళ్లతో నాకు తగాదా లేదు. ఉప్పు మొక్కు ఎవరి వేలినీ కాల్చదు. శరీరం చేసుకున్న పనికి సున్నం ముద్ద పేరు కొట్టేయడం, ఆ పేరు నమ్మి ఇంకో పిల్ల చేయి కాలడం, నా కోపమంతా దాని మీద.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోమనడం లేదు. నొప్పి పెడుతున్నా, పాకుతున్నా, తోటి పిల్లలు చేయి పట్టుకోవడం లేదని బిడ్డ కుమిలిపోతున్నా వైద్యం చేయించాలి. శాలిసిలిక్ ఆమ్లం మందుల షాపులో దొరుకుతుంది. ఎంత శాతం వాడాలో డాక్టరును అడగండి. రాత్రిపూట ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ పైచర్మం రుద్ది తీసి, చుట్టూ వాజ్‌లీన్ రాసి, పులిపిరి మీద మాత్రమే మందు పెట్టాలి. 12 వారాలు పట్టవచ్చు. మనకు చేతకానిది ఈ ఓపికే. ముఖం మీద, మర్మాంగాల దగ్గర ఇది వాడకూడదు. షుగర్ ఉన్నవాళ్లు పాదాలకు సొంతంగా పెట్టుకోకూడదు. లొంగనివాటిని చర్మవైద్యులు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో, కొన్ని వారాల తేడాతో పదే పదే గడ్డకట్టిస్తారు. తువ్వాలు, రేజరు, పాదాలు రుద్దే రాయి విడిగా పెట్టుకోండి. బడి మాన్పించక్కర్లేదు, పిల్లను వెనక బెంచీకి నెట్టక్కర్లేదు.

డాక్టర్లకూ ఒక మాట. మళ్లీ రావచ్చని ముందే చెప్పకుండా కాటరీతో మాడ్చి పంపిస్తే, పులిపిరి తిరిగొచ్చిన రోజు ఆ తల్లి మీ దగ్గరికి రాదు, సున్నం డబ్బా దగ్గరికే పోతుంది. ఏ చికిత్సా నూటికి నూరు పాళ్లు పనిచేయదని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఇవ్వండి.

పెద్దవాళ్లలో కొత్తగా లేచి, రంగు మారుతూ, రక్తం కారుతూ, త్వరత్వరగా పెరిగేదానికి పులిపిరి అని మీరే పేరు పెట్టేయకండి. అది చర్మ క్యాన్సరైనా కావచ్చు, డాక్టరుకు చూపించండి. పిల్లల సంగతికొస్తే, ఇంట్లో ఎవరైనా సున్నం, సోడా కలుపుతుంటే ఆ చేయి పట్టుకుని ఆపండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే కనీసం 20 నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.