ఇఖామత్ వినిపించినప్పుడు

గత మాసం తాండూరు నుండి కందిపప్పు సంచితో రైలులో వికారాబాదు తిరిగి వచ్చాము. మస్జిదు చేరేసరికి మగ్రిబ్ ఇఖామత్ వినిపించింది. రుకూ తప్పిపోతుందేమోనని నాపరాతి గచ్చుపై పరుగెత్తి జమాఅత్‌లో కలిశాము. నియ్యత్ ఎప్పుడు చేశామో మాకే తెలియదు. రొప్పు తీరేసరికి ఒక రకాతు గడిచిపోయింది.

సలాము అనంతరం మా విద్యార్థి ఒకడు మెల్లగా అడిగాడు: "హజ్రత్, ఇఖామత్ విన్నాక పరుగెత్తరాదన్న హదీసు మీరే కదా నేర్పారు?"

బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు అది. సహీహ్ బుఖారీ ఆరంభమే నియ్యత్ హదీసుతో. ఏటా దానితోనే పాఠం మొదలుపెడతాము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కంది చేనులో ఐదారు నెలలు నిలుస్తుంది. మేము మస్జిదు గుమ్మంలో ఒక్క క్షణం నిలువలేకపోయాము!

ఆ బాలునికి సమాధానం చెప్పలేదు. మరునాడు అజాన్‌కు ముందే ఇల్లు కదిలాము.